కాబోయే మేనేజర్లకు వ్యాపార నీతి బోధించడం: తరచుగా అడిగే ప్రశ్నలు

ఈ సబ్జెక్టు కొత్తగా చేతికొచ్చిన అధ్యాపకులు, "మళ్లీ నీతి పాఠమా" అని మొహం మాడ్చుకునే ఎంబీఏ విద్యార్థులు, కంపెనీల్లో ట్రైనింగ్ చూసేవాళ్లు నన్ను ఎక్కువగా అడిగే ప్రశ్నలివి. కొన్నింటికి జవాబు పెద్దది, కొన్నింటికి ఒక్క ముక్కతో సరి.

పాతికేళ్లు వచ్చినవాళ్లకు నీతి నేర్పడం అయ్యే పనేనా? మొక్కై వంగనిది మానై వంగునా?

అందరికంటే ముందు వచ్చే ప్రశ్న ఇదే, సామెతతో సహా. సామెత స్వభావం గురించి చెబుతుంది. మేనేజర్లు చేసే తప్పుల్లో చాలా భాగం స్వభావంలోంచి పుట్టవు.

1973లో డార్లీ, బ్యాట్సన్ అనే ఇద్దరు సైకాలజిస్టులు అమెరికాలోని ప్రిన్స్‌టన్‌లో ఒక ప్రయోగం ప్రచురించారు. మతబోధకులు కావడానికి చదువుకుంటున్న విద్యార్థులను పక్క భవనంలో చిన్న ప్రసంగం చెయ్యమని పంపారు. దారిలో ఒక మనిషి గుమ్మం దగ్గర కూలబడి, దగ్గుతూ మూలుగుతూ ఉన్నాడు. తీరిగ్గా వెళ్తున్నవాళ్లలో 63 శాతం ఆగి పలకరించారు. "ఆలస్యమైంది, పరుగెత్తు" అని పంపినవాళ్లలో ఆగింది 10 శాతమే. వాళ్లలో కొందరు చెయ్యబోతున్న ప్రసంగం, దారిలో పడి ఉన్నవాడికి సాయం చేసిన, బైబిల్లోని మంచి సమరయుడి కథ గురించే! అయినా విషయం పెద్దగా తేడా చూపలేదు, తొందర చూపింది.

ఆ విద్యార్థులు చెడ్డవాళ్లని ఎవరనగలరు? మేనేజర్ బతుకంతా తొందరే. నెలాఖరు, క్వార్టర్ క్లోజింగ్, సాయంత్రంలోగా రిపోర్టు. కాబట్టి మానును వంచే పని మనం పెట్టుకోనక్కర్లేదు. గాలి ఎటు నుంచి వీస్తుందో ముందే చూపిస్తే చాలా వరకు పని జరుగుతుంది.

మరి క్లాసులో నేర్పేది ఏంటి?

జేమ్స్ రెస్ట్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త నైతిక ప్రవర్తనను నాలుగు భాగాలుగా విడదీశాడు. ఇక్కడ నీతికి సంబంధించిన విషయం ఉందని గమనించడం, ఏది సరో తేల్చుకోవడం, మిగతా కోరికల కంటే దాన్ని ముందు పెట్టడం, ఒత్తిడిలో కూడా దాన్ని చేసి చూపడం. సిలబస్‌లు తిరగేస్తే మూడొంతుల టైమ్ రెండో దానికే పోతుంది, ఏది సరో తేల్చడానికి.

మొదటి రెండేళ్లు నేనూ అదే చేశాను. పరీక్షలో జవాబులు అద్భుతంగా రాసేవాళ్లు. ఉద్యోగంలో చేరిన ఒక పాత విద్యార్థి ఒకరోజు ఫోన్ చేశాడు. "సార్, దీని మీద తత్వవేత్త కాంట్ ఏమంటాడో నాకు తెలుసు. మా మేనేజర్‌తో ఏమనాలో తెలియట్లేదు" అన్నాడు. అప్పటి నుంచి సిలబస్ తలకిందులు చేశాను. ఏది సరో పిల్లలకు సాధారణంగా తెలుసు. గమనించడం, నోరు విప్పడం, ఈ రెండే వాళ్లకు రానివి.

చట్టం పాటిస్తే సరిపోదా?

చట్టం ఎప్పుడూ వెనకాలే వస్తుంది. ఎవరో దెబ్బతిన్నాకే రూలు పుడుతుంది. పైగా చట్టంలో లేని విషయాలే మేనేజర్‌కు రోజూ ఎదురవుతాయి. టీమ్‌లో ఎవరి కష్టం ఎవరి పేరు మీద పైకి వెళ్లింది, తీసేయబోతున్నామని తెలిసిన ఉద్యోగి ఇంటి లోన్ గురించి సలహా అడిగితే ఏం చెప్పాలి, ఇలాంటివి.

వ్యాపారానికి లాభం సంపాదించడమే బాధ్యతని ఆర్థికవేత్త మిల్టన్ ఫ్రీడ్‌మన్ అన్నాడు కదా?

అన్నాడు, 1970 సెప్టెంబర్‌లో న్యూయార్క్ టైమ్స్ మ్యాగజైన్ వ్యాసంలో. క్లాసులో దీన్ని ఎత్తేవాళ్లు తొంభై మంది ఉంటే వ్యాసం చదివినవాళ్లు ఇద్దరు కూడా ఉండరు. అదే వ్యాసంలో ఆయన ఒక షరతు పెట్టాడు. సమాజపు ప్రాథమిక నియమాలకు, అంటే చట్టంలో ఉన్నవాటికీ నైతిక ఆచారంగా ఉన్నవాటికీ, లోబడి సంపాదించాలని. మోసం, దగా కూడదని కూడా రాశాడు. ఫ్రీడ్‌మన్‌ను అడ్డం పెట్టుకుని దొంగ లెక్కలను సమర్థించడం కుదరదు.

ఆయనతో విభేదించడానికి చాలా చోటుంది. 1984 నుంచి ఎడ్వర్డ్ ఫ్రీమన్ పేరుతో ప్రాచుర్యంలోకి వచ్చిన వాదన ఉంది. ఉద్యోగులు, కస్టమర్లు, సప్లయర్లు, చుట్టుపక్కల జనం, అందరికీ కంపెనీలో వాటా లాంటిదే ఉందని. నేను ఈ ఇద్దరినీ ఒకే రోజు చదివిస్తాను, అది కూడా అసలు వ్యాసాలే, స్లయిడ్లు కాదు. ఆ రోజు గొడవ బాగా జరుగుతుంది.

తత్వశాస్త్రం ఎంత చెప్పాలి?

కొంచెం. ఫలితాన్ని బట్టి చూడటం, బాధ్యతను బట్టి చూడటం, "నేను ఎలాంటి మనిషిని అవుతాను" అని చూడటం, ఈ మూడు కళ్లద్దాలు చాలు. రెండు క్లాసులు మించితే విద్యార్థి ఏం నేర్చుకుంటాడంటే, ఏ పనికైనా సరిపోయే సిద్ధాంతం ఒకటి దొరుకుతుందని. అది మనం నేర్పాలనుకున్నదానికి సరిగ్గా వ్యతిరేకం.

ఏ కేసులు చెబితే బాగుంటుంది?

ఎన్రాన్, ఫోక్స్‌వ్యాగన్ లాంటి పెద్ద కుంభకోణాలు చెప్పకుండా ఉండలేం, చెప్పాలి కూడా. అమెరికా ఇంధన కంపెనీ ఎన్రాన్ 2000లో 64 పేజీల నీతి నియమావళి అచ్చేసి ఉద్యోగులకు పంచింది, 2001 డిసెంబర్‌లో దివాలా తీసింది. పుస్తకం పంచితే నీతి వస్తుందనుకునేవాళ్లకు ఆ ఒక్క ముక్క చాలు. ఫోక్స్‌వ్యాగన్ పరీక్షలో ఒకలా, రోడ్డు మీద ఒకలా పొగ వదిలే సాఫ్ట్‌వేర్ పెట్టిన కార్లు ప్రపంచమంతా కోటీ పది లక్షలు. 2015లో బయటపడింది.

కానీ ఇలాంటి కేసుల్లో ఒక చిక్కుంది. విద్యార్థి విలన్‌ను చూసి "నేనిలా చెయ్యను" అనుకుని హాయిగా ఇంటికి పోతాడు. అందుకే నేను విలన్ లేని కేసులను ఎక్కువ వాడతాను. వాటిలో రెండు నాకు బాగా ఇష్టం.

మొదటిది ఛాలెంజర్. 1986 జనవరి 28న ఈ అమెరికా అంతరిక్ష నౌక పేలి అందులో ఉన్న ఏడుగురూ చనిపోయారు. ముందు రోజు రాత్రి ఫోన్ మీటింగ్ జరిగింది. బూస్టర్ రాకెట్లు తయారు చేసిన మోర్టన్ థియోకాల్ కంపెనీ ఇంజినీర్లు, చలికి ఓ-రింగ్ (బూస్టర్ అతుకుల్లోంచి వేడి వాయువు బయటికి రాకుండా ఆపే రింగు) రబ్బరు బిగుసుకుపోతుంది, రేపు ప్రయోగించొద్దన్నారు. వాళ్లలో రోజర్ బోజొలీ ఒకడు. నాసా వాళ్లు విసుక్కున్నారు. కంపెనీ పెద్దలు ఫోన్ పక్కన పెట్టి తమలో తాము మాట్లాడుకున్నారు. అప్పుడు పై అధికారి ఒకాయన, ఇంజినీరింగ్ విభాగం వైస్ ప్రెసిడెంట్‌తో ఇంజినీరు టోపీ తీసి మేనేజర్ టోపీ పెట్టుకోమన్నాడు. ఆయన పెట్టుకున్నాడు. సరేనన్నారు. మర్నాడు 73 సెకన్లలో అంతా అయిపోయింది.

ఈ కేసులో నేను అడిగేది ఒకే ప్రశ్న: మేనేజర్ టోపీ అంటే ఏంటి? అది పెట్టుకుంటే తెలిసిన విషయం తెలియకుండా పోతుందా? రెండేళ్లుగా ఆ టోపీ కోసమే ఫీజు కడుతున్నవాళ్లు ఈ ప్రశ్నకు తడబడతారు. క్లాసు అక్కడ మొదలవుతుంది.

రెండోది ఫోర్డ్ కంపెనీ పింటో కారు. వెనక నుంచి గుద్దితే పెట్రోల్ ట్యాంకు అంటుకునేదన్న సంగతి చాలా పుస్తకాల్లో ఉంది. నేను చెప్పేది డెన్నిస్ జియోయా గురించి. ఎంబీఏ చదివి, కంపెనీలను లోపలి నుంచి మార్చాలన్న ఆదర్శంతో 1970ల మొదట్లో ఫోర్డ్‌లో చేరాడు. ఏ కారును వెనక్కి రప్పించాలో చూసే రీకాల్ పని అతనిది. పింటో తగలబడిన రిపోర్టులు అతని టేబుల్ మీదికే వచ్చాయి. కాలిపోయిన కారును కళ్లారా చూశాడు కూడా. అయినా రీకాల్ అక్కర్లేదనే ఓటేశాడు. ఆ రోజుల్లో అతను నడిపిందీ పింటోనే, తర్వాత దాన్ని తన తోడబుట్టినదానికే అమ్మాడు. ప్రమాదమని తెలిసి చేసే పనేనా అది? రోజూ వచ్చే వందల ఫిర్యాదుల మధ్య, ఈ రిపోర్టులు ఆ ఉద్యోగం నేర్పిన లెక్కలో "పెద్ద సమస్య"గా కనిపించలేదు. 1978లో ఫోర్డ్ దాదాపు 15 లక్షల కార్లను వెనక్కి పిలిచింది. అప్పటికి జియోయా ఫోర్డ్ వదిలేశాడు. మేనేజ్‌మెంట్ ప్రొఫెసర్ అయ్యాక, 1992లో తన మీద తనే వ్యాసం రాసుకున్నాడు, తనకెందుకు కనబడలేదని. అంత నిజాయితీగా తనను తాను విప్పి చూపిన మేనేజర్ నాకు ఇంకొకరు తగల్లేదు.

మోసాలు చిన్నగా మొదలవుతాయంటారు. అది విద్యార్థులకు ఎలా తెలిసేలా చెయ్యాలి?

సత్యం కంప్యూటర్స్ ఛైర్మన్ రామలింగరాజు 2009 జనవరి 7న రాసిన ఉత్తరం చదివించండి. లెక్కల్లో చూపిన లాభానికీ అసలు లాభానికీ మొదట కొంచెమే తేడా ఉండేదని, అది ఏళ్ల తరబడి పెరుగుతూ పోయిందని, చివరికి పులి మీద స్వారీలా అయిందని, దిగితే అది తినేస్తుందని అందులో రాశాడు. అప్పటికి లెక్కల్లో చూపిన నగదులో నిజంగా లేనిది 5,040 కోట్ల రూపాయలు. ముందు ఏడాదే ఆ కంపెనీకి కార్పొరేట్ గవర్నెన్స్‌కు అవార్డు వచ్చింది.

చదివించాక అడగాల్సింది "ఎందుకు చేశాడు" అని కాదు. "పులి ఇంకా పిల్లగా ఉన్నప్పుడు, ఆ మొదటి క్వార్టర్‌లో, అకౌంట్స్‌లో కూర్చున్నది నువ్వైతే?" అని.

ఎప్పుడూ చెడు ఉదాహరణలేనా, మంచివి లేవా?

ఉన్నాయి, జాగ్రత్తగా వాడాలి. 1982లో షికాగో ప్రాంతంలో ఎవరో టైలెనాల్ అనే నొప్పి మాత్రల్లో సైనైడ్ కలిపితే ఏడుగురు చనిపోయారు. వాటిని తయారు చేసే జాన్సన్ అండ్ జాన్సన్ దేశమంతా దాదాపు 3 కోట్ల 10 లక్షల సీసాలు వెనక్కి తీసుకుంది. పది కోట్ల డాలర్లకు పైగా ఖర్చయింది. ఆ కంపెనీకి 1943 నుంచి ఒక పేజీ విశ్వాస ప్రకటన ఉంది, కస్టమర్లు ముందు, వాటాదారులు చివర అని. దాని వల్లే అలా చేశారని చాలామంది చెబుతారు. నాకు ఇంకో సంగతి ముఖ్యమనిపిస్తుంది. దానికి కొన్నేళ్ల ముందే అప్పటి అధిపతి జేమ్స్ బర్క్ మేనేజర్లను కూర్చోబెట్టి, "ఈ కాగితాన్ని నమ్ముతున్నామా, లేకపోతే గోడ మీద నుంచి తీసేద్దామా" అని వాదన పెట్టించాడు. ఆపద వచ్చేనాటికి ఆ మాటలు వాళ్ల నోళ్లలో నాని ఉన్నాయి.

అదే కంపెనీ మీద తర్వాతి కాలంలో టాల్కమ్ పౌడర్ గురించి వేలాది దావాలు పడ్డాయని కూడా చెప్పండి. చెప్పకపోతే విద్యార్థే గూగుల్ చేసి చెబుతాడు, మన పరువు పోతుంది.

"నోరు విప్పడం" నేర్పడం అంటే నిజంగా ఏం చేయిస్తారు?

మేరీ జెంటిలే అనే అధ్యాపకురాలు తయారు చేసిన పద్ధతి ఉంది, గివింగ్ వాయిస్ టు వాల్యూస్ అంటారు. ఇందులో ఏది సరి అన్న చర్చ ఉండదు. సరైనది ఏదో తేలిపోయిందనుకుని, దాన్ని ఎవరితో, ఎప్పుడు, ఏ మాటలతో చెబితే పని జరుగుతుందో రాసుకుని, పైకి పలికి ప్రాక్టీస్ చెయ్యాలి.

నా క్లాసులో ఒక సన్నివేశం ఎప్పుడూ ఉంటుంది. క్వార్టర్ ఆఖరి రోజు. సేల్స్ హెడ్ అంటాడు: "ఇన్వాయిస్ ఇవాళ్టి తేదీతో వేసెయ్. మాల్ వచ్చే వారం పంపుదాం. అందరూ చేసేదే."

మొదటిసారి అందరూ రెండే రకాలుగా చేస్తారు. సగం మంది "ఓకే సార్" అంటారు. మిగతా సగం లేచి నిలబడి "ఇది తప్పు సార్, నేను చెయ్యను" అని సినిమా డైలాగ్ కొడతారు. క్లాసు చప్పట్లు కొడుతుంది. నేను సేల్స్ హెడ్ పాత్రలో "సరే, వెళ్లి కూర్చో" అని ఇంకొకడిని పిలుస్తాను. ఇన్వాయిస్ పడిపోతుంది. చప్పట్ల వల్ల ఏమీ ఆగలేదని అప్పుడు అర్థమవుతుంది.

మూడో వారానికి మాట మారుతుంది. ఒక అమ్మాయి ఇలా అంది: "సార్, ఈ క్వార్టర్ మనకు ఎంత అవసరమో తెలుసు. కానీ మాల్ గోడౌన్‌లోనే ఉందని ఆడిటర్ డిస్పాచ్ రికార్డుల్లో చూస్తే, ప్రశ్న మీ సంతకం మీదికే వస్తుంది. వచ్చే క్వార్టర్ కూడా ఇంత తక్కువతో మొదలవుతుంది. సాయంత్రం ఆరులోపు పంపగలిగేవి రెండు ఆర్డర్లున్నాయి, ట్రాన్స్‌పోర్ట్‌తో మాట్లాడాను. అవి వేద్దాం. మిగతా తేడా గురించి పైవాళ్లకు ఇవాళే చెబుదాం, నోట్ నేను రాసిస్తాను."

ఇందులో నీతి అన్న మాటే లేదు చూడండి. బాస్ భయం తెలుసు, దారి చూపించింది, కష్టమైన పని తనే నెత్తిన వేసుకుంది. ఎప్పుడూ ఇలాగే గెలుస్తామని చెప్పను. కొన్నిసార్లు సేల్స్ హెడ్‌గా నేను మొండికేస్తాను, అప్పుడు తర్వాతి మెట్టు ఏంటో వాళ్లే వెతుక్కోవాలి.

"అందరూ చేసేదే", "ఈ ఒక్కసారికే", "ఇది మన పని కాదు, ఫైనాన్స్ చూసుకుంటుంది", "కంపెనీ కోసమే కదా" లాంటి మాటల జాబితా కూడా వాళ్లతోనే తయారు చేయిస్తాను. ఈ నాలుగింటికీ నాలుక చివర జవాబు ఉంటే సగం టెన్షన్ తగ్గుతుంది.

విజిల్‌బ్లోయింగ్, అంటే కంపెనీలో జరిగే తప్పును బయటపెట్టడం గురించి చెప్పాలా? పిల్లలను ఇబ్బందుల్లోకి నెట్టినట్టు కాదా?

చెప్పాలి, ఖర్చుతో సహా. అమెరికా టెలికాం కంపెనీ వరల్డ్‌కామ్‌లో ఇంటర్నల్ ఆడిట్ చూసే సింథియా కూపర్ బృందం 2002లో 380 కోట్ల డాలర్ల తప్పుడు పద్దులు బయటపెట్టింది. ఆ ఏడాది టైమ్ పత్రిక ముఖచిత్రం మీదికి ఎక్కిన ముగ్గురు మహిళల్లో ఆమె ఒకరు. ఇది ఒక వైపు. ఛాలెంజర్ విచారణలో నిజం చెప్పిన బోజొలీని కంపెనీలో దూరం పెట్టారు, చివరికి ఆయన ఉద్యోగం వదిలేశాడు. మిగతా జీవితంలో చాలా భాగం విద్యార్థులకు ఇంజినీరింగ్ నీతి గురించి చెబుతూ తిరిగాడు.

కాగితాలు దాచుకోవడం, తేదీలు రాసుకోవడం, ముందు లోపలి దారులు ప్రయత్నించడం, బయటికి వెళ్లే ముందు లాయర్‌ను కలవడం, ఇవి పొడిగా, ఆవేశం లేకుండా నేర్పండి. ఆఖరి అస్త్రం గురించి నేర్పడం, దాన్ని రేపే వాడమనడం ఒకటి కాదు.

టార్గెట్లు పెట్టేది కూడా రేపు వీళ్లే కదా. ఆ వైపు నుంచి ఏం చెబుతారు?

అసలు ఈ ప్రశ్న ఎక్కువమంది అడగాలి. మనం విద్యార్థిని ఎప్పుడూ ఒత్తిడి పడేవాడిగానే ఊహిస్తాం. ఐదేళ్లలో ఒత్తిడి పెట్టేది అతనే.

వెల్స్ ఫార్గో బ్యాంకులో ఒక్కో కస్టమర్‌కు ఎనిమిది ప్రొడక్టులు అమ్మాలన్న నినాదం ఉండేది. అది అందుకోలేక బ్రాంచి ఉద్యోగులు కస్టమర్లకు తెలియకుండా ఖాతాలు తెరిచారు. 2016లో బ్యాంకుకు 18.5 కోట్ల డాలర్ల జరిమానా పడింది. అంతకుముందు ఐదేళ్లలో 5,300 మందిని ఇందుకే ఉద్యోగాల్లోంచి తీసేశారు. ఒకరిద్దరు తప్పు చేస్తే మనిషి లోపం అనొచ్చు. ఐదు వేల మంది చేస్తే టార్గెట్ రాసినవాడిని పిలవాలి.

జరిమానాలతో దారికి తేవచ్చనుకునేవాళ్ల కోసం ఇంకొకటి. ఇజ్రాయెల్‌లోని హైఫాలో డే కేర్ సెంటర్ల మీద గ్నీజీ, రుస్టికీనీ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు చేసిన అధ్యయనం 2000లో వచ్చింది. పిల్లలను ఆలస్యంగా తీసుకెళ్లే తల్లిదండ్రులకు కొన్ని సెంటర్లలో ఫైన్ పెట్టారు. ఆలస్యాలు తగ్గకపోగా బాగా పెరిగాయి. మొహమాటం పోయి, డబ్బు కట్టి కొనుక్కునే సర్వీసు అయిపోయింది. ఫైన్ ఎత్తేసినా మొహమాటం మాత్రం తిరిగి రాలేదు.

ఈ రెండూ చెప్పాక ఇచ్చే అసైన్‌మెంట్: ఒక ఇన్సెంటివ్ పథకం రాయండి, తర్వాత పక్కవాడి పథకాన్ని మోసం చేసి బోనస్ ఎలా కొట్టెయ్యాలో రాయండి. రెండో భాగంలో వాళ్ల తెలివి చూసి నాకే భయమేస్తుంది.

విడిగా ఒక సబ్జెక్టు పెట్టాలా, అన్ని సబ్జెక్టుల్లో కలపాలా?

రెండూ. విడిగా ఉంటేనే టైమ్ దొరుకుతుంది. కానీ అక్కడే ఆగిపోతే, మార్కెటింగ్ క్లాసులో కస్టమర్‌ను బోల్తా కొట్టించడం, నీతి క్లాసులో పశ్చాత్తాపం, ఇలా నడుస్తుంది. ఫైనాన్స్ చెప్పే ఆయన తన కేసులో ఒక్క ప్రశ్న కలిపినా నా పది లెక్చర్లకు సమానం.

మార్కులు ఎలా వెయ్యాలి?

మంచితనానికి మార్కులు వెయ్యకండి. వేస్తే నటన వస్తుంది. గమనించినందుకు వెయ్యండి: సాధారణమైన ఆఫీసు ఈమెయిల్ ఇచ్చి అందులో ఇబ్బంది ఎక్కడుందో పట్టుకోమనండి. రోల్ ప్లేలో మాట ఎంత పనికొచ్చేలా ఉందో దానికి వెయ్యండి. నాకు నచ్చని అభిప్రాయం గట్టి వాదనతో రాసినవాడికి ఎక్కువ మార్కులు వేసిన రోజులున్నాయి.

కాలేజీలోనే తప్పులు జరుగుతుంటే ఈ పాఠం ఎవరు వింటారు?

ఎవరూ వినరు. ఒకసారి నా క్లాసులోనే ఒక గ్రూపు, సమగ్రత మీద సర్వే చేసి రిపోర్టు ఇచ్చింది. నూట ఇరవై మంది జవాబులు. చూస్తే అరవై ఫారాలు ఒకే చేతిరాత. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. అడిగితే, "టైమ్ లేదు సార్, ప్లేస్‌మెంట్ సీజన్" అన్నారు. మళ్లీ ఆ ప్రిన్స్‌టన్ తొందరే!

కోపం తగ్గాక నా వైపు కూడా చూసుకున్నాను. రెండు వారాల్లో నూట ఇరవై ఇంటర్వ్యూలు అడిగింది నేను. అది కుదరదని ఏ గ్రూపూ వచ్చి చెప్పలేదు, ఎందుకంటే గడువు గురించి అడిగినవాళ్ల మీద అంతకుముందు విసుక్కున్నది కూడా నేనే. వాళ్లకు ఆ అసైన్‌మెంట్‌లో సున్నా వేశాను. మరుసటి ఏడాది నుంచి శాంపిల్ ముప్పైకి తగ్గించాను, "కుదరలేదు, ఇంతే దొరికాయి" అని రాస్తే మార్కులు పోవని షీట్ మీదే అచ్చేయించాను. ఆ కేసు ఇప్పుడు టార్గెట్ల క్లాసులో చెబుతున్నాను, పేర్లు లేకుండా, నా పేరు తప్ప.

ప్రమాణం చేయిస్తే ఉపయోగం ఉంటుందా?

2009లో హార్వర్డ్ బిజినెస్ స్కూల్ విద్యార్థులు ఎంబీఏ ప్రమాణం ఒకటి మొదలుపెట్టారు, వేరే కాలేజీలకూ పాకింది. చేయిస్తే నష్టం లేదు. కానీ డాక్టరు తప్పు చేస్తే లైసెన్సు పోతుంది, మేనేజర్‌కు పోవడానికి లైసెన్సే లేదు. ఆ తేడా మీద చర్చ పెడితే ప్రమాణం కంటే ఎక్కువ ఉపయోగం.

సోమవారం నుంచి నేనే ఈ సబ్జెక్టు చెప్పాలి. మొదటి క్లాసులో ఏం చెయ్యను?

స్లయిడ్లు తీసుకెళ్లకండి. తలా ఒక చీటీ ఇచ్చి, పని చేసిన చోట గానీ ఇంటర్న్‌షిప్‌లో గానీ, ఏదో తేడాగా అనిపించి కూడా ఊరుకున్న సందర్భం ఒకటి పేరు లేకుండా రాయమనండి. మీరూ ఒకటి రాయండి. అన్నీ కలిపి గట్టిగా చదవండి, మీదానితో సహా. ఏది ఎవరిదని ఎవరూ అడగకూడదని ముందే చెప్పండి. "ఎందుకు ఊరుకున్నాం" అన్నది మాత్రమే బోర్డు మీద రాయండి. నా అనుభవంలో గంటన్నరకు బోర్డు నిండుతుంది, దొంగతనం, దురాశ అన్న మాటలు దాదాపు కనబడవు. "కొత్తగా చేరాను", "ఎవరికి చెప్పాలో తెలియలేదు", "నేనే తప్పుగా అర్థం చేసుకున్నానేమో అనుకున్నాను" లాంటివే ఉంటాయి. బోర్డు తుడిచేసే ముందు ఫొటో తీసుకోండి, మిగతా పద్నాలుగు వారాల సిలబస్ అదే.